మన యన్నమును, రక్తములోని చక్కెరయును



గత సంవత్సరము సార్వా కోతలకు ముందు, వరిచేలలో మినుము చల్లుట చూచుటకై డెల్టాలోని యొక గ్రామమునకు పోయితిని. అచ్చటి సంఘ సభ్యుడొకడు, ఏబది యేండ్లవాడు, పొలములోనికి దిగక గట్టుమీదనే కూర్చుండి యుండెను. ఎడమ కాలికి గుడ్డ చుట్టియున్నది. ఏమని యడుగగా, వేసవిలో దాళ్వా కోసిన చేలో వరిమోడు కాలికి గ్రుచ్చుకొన్నదనియు, నొప్పి తెలియకపోవుటచే నాలుగు దినములు దానిని చూచుకొనలేదనియు, తుదకు రెండు వ్రేళ్లు తీసివేయవలసి వచ్చినదనియు చెప్పెను. ఆసుపత్రిలో రక్తము పరీక్షించు వఱకును తనకు మధుమేహము కలదని యతనికి తెలియదు. వైద్యమునకు చేసిన యప్పు ఇంకను తీరలేదు.

అతడు నన్నొక ప్రశ్న యడిగెను. "అయ్యా, మా తాతగారు పూటకు తవ్వెడు బియ్యము వండించుకొని తినెడివారు. తొంబది యేండ్లు బ్రదికినారు. ఆయన తిన్న యన్నమే నేనును తినుచున్నాను. ఆయనకు రాని జబ్బు నాకేల వచ్చినది?"

గట్టుమీద నిలువబడి నేను తగిన సమాధానము చెప్పలేకపోతిని. పైరునకు నత్రజని యెంత, భాస్వరమెంత యని చెప్పుటకు అలవాటుపడితినిగాని, ఆ పైరు ధాన్యమై మన కడుపులోనికి పోయిన పిమ్మట ఏమగునో అంతగా విచారించి యుండలేదు. తరువాత చదివియు, వైద్యులను అడిగియు తెలిసికొన్న సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాను.

అన్నము చక్కెర యగు విధము

బియ్యము, జొన్న, గోధుమ మొదలగు ధాన్యములలో ముఖ్యమైనది పిండి పదార్థము. ఇది గ్లూకోసు అను చక్కెర యణువులు వేలకొలది గొలుసువలె కూడుకొనగా ఏర్పడినది. మనము నమిలి మ్రింగిన తరువాత, నోటిలోని లాలాజలమును, చిన్న ప్రేగులలోని రసములును ఆ గొలుసును త్రెంచివేయును. విడివడిన గ్లూకోసు రక్తములో చేరును. కావున తీపి తిననివాడు చక్కెర తినుటలేదని యనుకొనుట పొరబాటు.

లెక్క చూడుడు. పెద్దవాని శరీరములో సుమారు 5 లీటర్ల రక్తముండును. పరగడుపున ఆరోగ్యవంతుని రక్తములో, ప్రతి 100 మిల్లీలీటర్లకు 70 మొదలు 100 మిల్లీగ్రాముల వఱకు గ్లూకోసు ఉండును. అనగా మొత్తము రక్తములోని చక్కెర మూడున్నర మొదలు 5 గ్రాముల వఱకు, ఒక చిన్న చెంచాడు మాత్రమే. 100 గ్రాముల బియ్యములో సుమారు 78 గ్రాముల పిండి పదార్థము కలదు. ఒక పూటకు 250 గ్రాముల బియ్యపు అన్నము తినువాడు, చెంచాడు చక్కెర మాత్రమే ఉండదగిన రక్తములోనికి, రెండు మూడు గంటలలో దాదాపు 195 గ్రాముల చక్కెరను పంపుచున్నాడన్నమాట. ఇంత చక్కెర యెక్కడికి పోవలయును? ఈ ప్రశ్నలోనే వ్యాధి మర్మమంతయు ఉన్నది.

కాలువ, తూము, మడి

మనకు తెలిసిన పోలికతో చెప్పెదను. రక్తము కాలువ. గ్లూకోసు అందులో పారు నీరు. కండరములును, కాలేయమును నీరు పారవలసిన మళ్లు. కడుపు వెనుక నుండు క్లోమమను గ్రంథి, ఇన్సులిన్ అను రసమును రక్తములోనికి విడుచును. ఇది కాలువ లస్కరువలె తూములను తెరచి, నీటిని మళ్లలోనికి పంపును. ఈ రసమును కెనడాలోని టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు 1921లో వేరుపరచిరి. 1922 జనవరిలో దీనిని మొదటిసారి ఒక బాలునికి సూదిద్వారా ఇచ్చిరి. అంతకుముందు ఈ జబ్బు సోకిన పిల్లలు బ్రదికెడివారు కారు.

మళ్లలో చేరిన గ్లూకోసు కొంత వెంటనే కాలి పనికి శక్తి నిచ్చును. కొంత నిలువ చేరును. కాలేయములో సుమారు 100 గ్రాములును, కండరములలో సుమారు 400 గ్రాములును పట్టును. కాలిన గ్లూకోసునుండి పుట్టిన శక్తిని కండరములు ఏ రూపమున పట్టియుంచునో కనుగొన్నవారిలో మన భీమవరమున 1895లో జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. ఆయన అమెరికాలో ఫిస్కేగారితో కలిసి ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టీ.పీ. అను పదార్థములను గుర్తించిరి.

ఈ గాదెలు నిండిన పిమ్మట మిగిలినది క్రొవ్వుగా మారును. క్రొవ్వు పొట్టలోను, కాలేయములోను పేరుకొనగా, తూములకు ఒండ్రు పట్టినట్లగును. లస్కరు ఎంత పిలిచినను అవి సరిగా తెరచుకొనవు. క్లోమము మఱింత ఇన్సులిన్ విడుచును. ఇట్లు కొన్ని యేండ్లు జరిగిన తరువాత అదియును అలసిపోవును. అప్పుడు చక్కెర కాలువలోనే నిలిచిపోవును. పరగడుపున 126 గాని, 75 గ్రాముల గ్లూకోసు త్రాగించిన రెండు గంటలకు 200 గాని, అంతకు మించిగాని ఉన్నయెడల మధుమేహమని వైద్యులు నిర్ణయింతురు.

నిలిచిన నీరు చేను పాడుచేసినట్లే, నిలిచిన చక్కెర సన్నని రక్తనాళములను పాడుచేయును. కండ్లు, మూత్రపిండములు, గుండె, పాదముల నరములు చెడును. వరిమోడు గ్రుచ్చుకొన్నను నొప్పి తెలియకపోవుటకు ఇదియే కారణము.

మూత్రమునకు చీమలు పట్టినచో ఈ జబ్బని మన పెద్దలు ఎఱుగుదురు. కాని రక్తములో చక్కెర 180 దాటినగాని సాధారణముగా మూత్రములోనికి దిగదు. చీమల కొఱకు కాచియుండువాడు ఆలస్యము చేసినవాడగును.

తాతకును మనుమనికిని భేదము

ఇక ఆ రైతు ప్రశ్నకు వత్తము. తాత తిన్న యన్నమే మనుమడు తినుచున్నాడా? కాదు. మూడు భేదములు కలవు.

మొదటిది బియ్యము. తాతగారి యింట రోకటి దంపుడు ఉండెను. గింజమీది యెఱ్ఱని తవుడు పొర చాల వఱకు నిలిచెడిది. పీచు, విటమినులు, మెగ్నీషియము మొదలగు లవణములు ఎక్కువగా ఆ పొరలోను, మొలకలోను ఉన్నవి. మనము మరబట్టించి, తెల్లగా మెఱుగు పెట్టించి, ఆ పొరను తవుడుగా నూనె మరలకును, గేదెలకును ఇచ్చి, మిగిలిన పిండి గింజను మనము తినుచున్నాము. పీచు లేని యన్నము త్వరగా కరిగి, చక్కెర ఒక్కసారిగా పొంగును.

రెండవది పని. పనిచేయు కండరము, ఇన్సులిన్ సాయము చాలకున్నను, తనంతట తానే రక్తమునుండి గ్లూకోసును లాగికొనును. తాతగారు తెల్లవారకముందే నాగలి పట్టి, ఊడ్పులు కోతలు నూర్పిళ్లు చేసి, సంతకు నడచి పోయెడివారు. ఆయన తవ్వెడు బియ్యమును ఆయన కండరములు సాయంకాలమునకు కాల్చివేసెడివి. నేడు ట్రాక్టరు దున్నుచున్నది, యంత్రము కోయుచున్నది, మోటారు బండి మోయుచున్నది. పని తగ్గినది, అన్నము తగ్గలేదు.

మూడవది ప్రక్కన తిను వస్తువులు. పెరటిలోని తోటకూర, గోంగూర, మునగాకు, గట్టుమీది కంది, చేలోని పెసలు పోయి, బజారు చిరుతిండ్లును, తీపి పానీయములును వచ్చినవి. దినమునకు నాలుగుసార్లు చక్కెర వేసిన తేనీరు త్రాగువారు అనేకులు.

దీని ఫలము దేశమంతట కనబడుచున్నది. భారత వైద్య పరిశోధక మండలి ప్రోత్సాహమున జరిగి 2023లో ప్రకటింపబడిన పరిశీలన ప్రకారము, మన దేశములో 10 కోట్ల 10 లక్షలమందికి మధుమేహము కలదు. మఱి 13 కోట్ల 60 లక్షలమంది దాని గడపలో నున్నారు. ఇది పట్టణపు ధనికుల జబ్బని యనుకొను దినములు గతించినవి. మన జాతివారికి బరువు అంతగా పెరుగకయే, పొట్టచుట్టు క్రొవ్వు చేరినంతనే ఇది పట్టుచున్నది. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకుండ చూచుకొనుట మంచిది.

సర్కారు జిల్లాల పాఠము

అట్లని తాతగారి కాలమంతయు స్వర్ణయుగమని చెప్పరాదు. మరలు వచ్చిన క్రొత్తలో మన ఉత్తర సర్కారు జిల్లాలలోనే బెరిబెరి అను జబ్బు ప్రబలియుండెను. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, గుండె బలహీనమై జనులు మరణించెడివారు. బాలింతల చంటిబిడ్డలు సైతము హఠాత్తుగా చనిపోయెడివారు.

కారణము తెలియుటకు కొంతకాలము పట్టినది. జావా ద్వీపమున ఐక్మనుగారు 1890 తరువాతి సంవత్సరములలో, తెల్లని మరబియ్యపు అన్నము తిన్న కోళ్లు నరములు పడిపోయి పడియుండుటయు, తవుడుతో కూడిన బియ్యము పెట్టగా కోలుకొనుటయు చూచిరి. తవుడులోని ఆ ప్రాణపదార్థమే థయమిన్, అనగా విటమిన్ బి-1. దానిని 1936లో రసాయనశాలలో తయారుచేసిన విలియమ్సుగారు, 1886లో మన నెల్లూరున మిషనరీ దంపతులకు జన్మించినవారు.

ఈ విటమినునకును చక్కెరకును సంబంధమేమి? గ్లూకోసు పూర్తిగా కాలుటకు థయమిన్ కావలయును. అది లేనిచో గ్లూకోసు నడుమ దారిలో ఆగి, పొయ్యిలో పచ్చికట్టె పొగలినట్లు, ఆమ్లములుగా నిలిచిపోవును. గ్లూకోసుపై ఎక్కువగా ఆధారపడు మెదడు, నరములు ముందుగా చెడును. కావున అన్నము మెండుగా తినుచు, ఆ యన్నమును కాల్చు విటమినును పారవేసినవానికి కడుపు నిండియు కరవే.

ఆ కాలమున చెన్నరాజధానిలో తక్కినచోట్ల ఉప్పుడు బియ్యము తినువారికి బెరిబెరి అరుదుగా వచ్చుచుండగా, పచ్చిబియ్యము మరబట్టి తిను సర్కారు జిల్లాలకు అది పట్టుట చూచి, కూనూరు పోషకాహార పరిశోధనశాలలోని అయిక్రాయిడుగారును, వారి సహచరులును పరిశోధించి 1940లో గ్రంథము ప్రకటించిరి. వడ్లను నానబెట్టి ఉడికించునపుడు, తవుడులోని విటమిను నీటితో కూడ గింజ లోపలికి ఇంకును. పిమ్మట మరబట్టినను అది మిగిలియుండును. ఉప్పుడు బియ్యపు మహిమ ఇదియే. ఆ పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు తరలి వచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా వెలయుచున్నది.

ఇందుండి మన గృహిణులు గ్రహింపదగినది కలదు. బియ్యమును అయిదాఱుసార్లు పిసికి కడుగుటయు, గంజి వార్చి పారబోయుటయు ఈ విటమినును పోగొట్టును. ఒకటి రెండుసార్లు తేలికగా కడిగి, నీరు ఇగురునట్లు వండవలయును. బాలింతకు పథ్యమనుచు, పప్పు కూరలు మాన్పించి, చారన్నము మాత్రమే పెట్టు ఆచారము తల్లికిని బిడ్డకును హానికరము.

భోజనము మార్చు విధము

అన్నము మానుడని నేను చెప్పుటలేదు. వరి పండించువాడు వరి తినకుండుట జరుగని పని. అన్నముయొక్క పాలు తగ్గించి, ప్రక్కవాని పాలు పెంచుమని మాత్రమే చెప్పుచున్నాను. జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన సూచనలో, దినమునకు 2000 కెలోరీలు కావలసినవారికి ధాన్యములు 250 గ్రాములు, కూరలు ఆకుకూరలు 400 గ్రాములు, పప్పులు గాని మాంసము గ్రుడ్లు గాని 85 గ్రాములు, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లుగా చూపిరి. ఎండలో కష్టము చేయువానికి ఇంతకంటె ఎక్కువ కావలయును. అయినను పాళ్లు ఇవియే.

1. విస్తరిలో సగము కూరలు, ఆకుకూరలు. పాతిక భాగము పప్పు, పెరుగు, గ్రుడ్డు, చేప. పాతిక భాగము మాత్రము అన్నము ఉండవలయును.

2. ముందు కూరయు పప్పును కొంత తిని, పిమ్మట అన్నము తినుడు. తిన్నవి అవియే యైనను, ఈ వరుసలో తిన్నచో చక్కెర పొంగు తగ్గునని పరీక్షలలో తేలినది.

3. భోజనమైన వెంటనే పండుకొనక, పది పదునైదు నిమిషములు నడువుడు. కదలు కాళ్లు చక్కెరను లాగికొనును.

4. ఒక పూటకైనను దంపుడు బియ్యము గాని, ఉప్పుడు బియ్యము గాని, కొఱ్ఱలు, జొన్నలు గాని వాడుడు. రాజేంద్రనగరు పరిశోధకులు రూపొందించిన ఆర్.ఎన్.ఆర్. 15048, అనగా తెలంగాణ సోన, ఇతర రకములకంటె నెమ్మదిగా చక్కెరగా మారునని పరీక్షలలో కనబడినది. కాని రకము మంచిదని రెండింతలు తిన్నచో లాభము లేదు.

5. చిరుధాన్యములును మందు కావు. రాగులను మెత్తగా విసరి పలుచని జావగా త్రాగినచో, అదియును త్వరగానే చక్కెర యగును. గింజగా గాని, రవ్వగా గాని, పప్పు మజ్జిగలతో కలిపి తినుట మేలు.

6. మెంతులలో జిగురైన పీచు కలదు. నానబెట్టి భోజనముతో తీసికొన్నచో చక్కెర కొంత నెమ్మదిగా ఎక్కును. ఇది మందునకు తోడేగాని మందునకు బదులు కాదు.

పెద్దల మాట చద్దిమూట యందురు. చద్ది విషయమున ఆ మాట కొంత వఱకు నిజమే. వండి చల్లార్చిన యన్నములో, పిండి కొంత గట్టిపడి, ప్రేగులలో అరుగక పీచువలె పోవును. ఈ లాభము స్వల్పమే. చల్లారిన యన్నమును వేడిలో మూతపెట్టి ఉంచక, శుభ్రముగా కాపాడవలయును.

ఈ మార్పులు ఫలించునా యని సందేహింపవలదు. జబ్బు గడపలోనున్న 531 మందిని తీసికొని చెన్నపట్టణపు వైద్యులు జరిపిన పరిశీలన ఫలితములు 2006లో వెలువడినవి. మూడేండ్ల కాలములో, ఏ మార్పును చేయనివారిలో నూటికి 55 మందికి మధుమేహము వచ్చినది. ఆహారము మార్చి, నడక సాగించినవారిలో నూటికి 39 మందికి మాత్రమే వచ్చినది. నూటికి 16 కుటుంబములు ఆ కష్టము తప్పించుకొన్నవి.

కొన్ని పొరబాటు నమ్మకములు

చక్కెర మాని బెల్లము తిన్నచో దోషము లేదని కొందఱందురు. తేనె, బెల్లము, చక్కెర, మూడును రక్తములో గ్లూకోసునే పెంచును. కాకర రసము త్రాగుచు మాత్రలు మానివేసినవారు కండ్లు పోగొట్టుకొన్న తరువాత వైద్యుని యొద్దకు వచ్చుచున్నారు. చిన్నపిల్లలకు వచ్చు మధుమేహము వేఱు. అందులో క్లోమము ఇన్సులినును చేయనే చేయదు. అది తల్లి పెట్టిన తిండివలన వచ్చినది కాదు. ఆ బిడ్డలకు ఒక్క దినమైనను ఇన్సులిన్ మాన్పరాదు.

మందు వాడు రైతులకు హెచ్చరిక

మాత్రలు గాని సూది గాని వాడువారు, ఆహారము తగ్గించుటకు ముందు వైద్యునితో చెప్పవలయును. మందు వేసికొని, తినక పొలము పోయినచో, చక్కెర 70 కంటె దిగిపోయి, వణకు, చెమట, కండ్లు చీకట్లు క్రమ్ముట కలుగును. కల్లు సారా త్రాగినచో అపాయము హెచ్చు. అట్టివారు చక్కెర గాని బెల్లము గాని మొలలో ఉంచుకొనవలయును. వణకు తోచినంతనే మూడు చెంచాల చక్కెర తిని, పావుగంట కూర్చుండి, నిమ్మళించిన పిమ్మట భోజనము చేయవలయును. స్పృహ తప్పినవాని నోటిలో ఏమియు పోయక, వెంటనే ఆసుపత్రికి చేర్పుడు. మూత్రపిండముల జబ్బు ఉన్నవారు పప్పులు ఆకుకూరలు పెంచుటకును వైద్యుని సలహా పొందవలయును. అందఱును చెప్పులు లేక చేలో దిగరాదు. ప్రతి రాత్రియు దీపము వెలుగున పాదములు చూచుకొనవలయును.

సంఘములు చేయదగిన పని

ఇది సహకార పత్రికలో వ్రాయవలసిన సంగతియా యని కొందఱనవచ్చును. పని చేయలేనివాడు అప్పు తీర్పలేడు. ఇంటి యజమాని కాలు పోయినచో సంఘపు ఖాతాలోను బాకీ నిలుచును. కావున నాలుగు పనులను సూచించుచున్నాను.

మొదటిది, వరి కోతకు ముందు చల్లిన మినుము పెసలలోను, గట్టు కందులలోను ఇంటికి సరిపడు పప్పు తీసి యుంచిన తరువాతనే తక్కినది అమ్ముట. రెండవది, సంఘము తరఫున ఊక మాత్రము తీయు చిన్న మర నొకదానిని నెలకొల్పి, మెఱుగు పెట్టని బియ్యమును సభ్యులకు అందించుట. తవుడులోని నూనె చేత ఈ బియ్యము త్వరగా కనరెక్కును గనుక, రెండు వారములకు సరిపడునంతే ఆడించుకొనవలయును. మూడవది, ప్రతి యింటికి మునగ, తోటకూర, గోంగూర విత్తనములు ఇచ్చుట. నాలుగవది, మహాజనసభ దినమున, ఆరోగ్య ఉపకేంద్రమువారిని పిలిచి, 30 ఏండ్లు నిండిన సభ్యులకును, వారి ఇండ్ల స్త్రీలకును రక్త పరీక్ష చేయించుట. ఈ పరీక్షను ప్రభుత్వ ఉపకేంద్రములలో ఉచితముగనే చేయుదురు.

ఈ వ్యాసము వ్రాయుటకు ముందు ఆ గ్రామమునకు మరల పోయితిని. ఆ రైతు చెప్పులు తొడుగుకొని గట్టుమీద నడచుచుండెను. పుండు మానినది. తాతగారి సంగతి చెప్పగా, కొంతసేపు ఊరకుండి, "ఐతే అయ్యా, నా కొడుకును ఈ వారమే పరీక్షకు పంపెదను" అనెను. అతని కొడుకునకు ముప్పది రెండేండ్లు. ట్రాక్టరు నడుపును.